బయటి సరుకు

మా ఊళ్ళో సగం బస్తా కల్లం దాటకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మిరపకాయలు ఎండి, తాలుకాయలు ఏరేశాక, తెల్లవారుజామున మంచుకు కాయ మెత్తబడ్డప్పుడు బస్తాల్లో పోసి కాళ్ళతో తొక్కుతారు. అలా తొక్కుకుంటూ పోతే చివరి బస్తా ఎప్పుడూ నిండదు. సగానికో, నడుము దాకానో వచ్చి ఆగుతుంది. అప్పుడు పక్క కల్లం వాళ్ళు ఒక గంప తెచ్చి అందులో పోస్తారు. వీళ్ళు అడగకూడదు, వాళ్ళు కొలవకూడదు. తిరిగి ఇవ్వడం అనే మాటే రాదు. వచ్చే ఏడు వాళ్ళ బస్తాకు తక్కువైతే వీళ్ళు పోస్తారు, కాకపోతే లేదు. కొరత బస్తా కల్లం దాటితే మరుసటి ఏడు చేను కొరత పడుతుందని మా నాయనమ్మ అనేది. నేను వ్యవసాయంలో డిగ్రీ చదివొచ్చి, అదంతా మూఢనమ్మకమనీ, సగం బస్తాలో కాయ సరిగ్గా కూరుకోక లారీలో కదిలి విరుగుతుంది కాబట్టి పెద్దవాళ్ళు అలా పెట్టుంటారనీ ఆవిడకు ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "మరదేగా నేను చెప్పింది" అంది.

మా పక్క కల్లం పెద్దమ్మది. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. ఊరికి అవతల, చర్చి ఉన్న పేట ఆవిడది. వాళ్ళాయన మా ఊరి బడిలో పంతులుగా పనిచేసి, దాచుకున్నదంతా పెట్టి మా చేను పక్కన ఎకరన్నర కొన్నాడు. కొన్న మూడో ఏడు పోయాడు. పిల్లలు లేరు. ఇక అమ్మేసి పుట్టింటికి పోతుందిలే అనుకున్నారంతా. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని చేలోకి దిగింది. మా నాన్న ఆ పంతులుగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడు, అందుకని ఆవిడను అక్కా అనేవాడు. నాన్నకు అక్క కాబట్టి నేను అత్తా అనాలి నిజానికి. చిన్నప్పుడు నాకు ఆ వరసలు తెలియక పెద్దమ్మా అన్నాను, అదే నిలిచిపోయింది. నాయనమ్మకు మాత్రం ఏ వరసా మింగుడు పడేది కాదు. "ఎవరితో పడితే వాళ్ళతో వరసలు కలపటమేంటే" అని గొణిగేది. మా చావిట్లో పెద్దమ్మకు మంచినీళ్ళిచ్చే గ్లాసు గూట్లో విడిగా ఉండేది. పెద్దమ్మ దాంట్లో తాగి, తనే కడిగి, తనే గూట్లో బోర్లించి వెళ్ళేది. నాయనమ్మ పోయిన నెలకే నాన్న ఆ గ్లాసు తీసి పాత సామాన్ల బండికి వేసేశాడు. దాని గురించి ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఇలా గ్లాసు విడిగా పెట్టిన ఇంటి నుంచి కూడా ఏటా వెళ్ళే చివరి బస్తాలో మా కాయా ఆవిడ కాయా కలిసే వెళ్ళేవి. దానికి నాయనమ్మ కూడా ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు.

పెద్దమ్మ గొంతు పెద్దది. చేలో ఆ చివర నిలబడి మాట్లాడితే ఈ చివర నేను తల తిప్పి చూసేదాన్ని. నేను తొమ్మిదో తరగతికే నాన్న భుజం దాటి పెరిగాను కాబట్టి నన్ను "పొడుగుదానా" అని పిలిచేది. మొదటిసారి కాయ కోతకు దిగిన రోజు నేను తెలివితక్కువగా ఆ చేతులతోనే కళ్ళు నలుపుకున్నాను. ఏడుస్తుంటే అమ్మ నీళ్ళకోసం పరిగెత్తింది. పెద్దమ్మ మాత్రం తన క్యారేజీలో మజ్జిగ తెచ్చి, నా తల ఒళ్ళో పెట్టుకుని, చీరకొంగు ముంచి తుడిచింది. "మిరపకాయ ఎవుర్నీ వదలదే, నిన్నొదులుద్దా. రేపు నీకు మొగుడొచ్చినా ఇంత మండించడు" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ కొంగుకు ఎండుమిర్చి వాసన, కొంచెం సబ్బు వాసన ఉండేవి. ఇన్నేళ్ళలో ఎన్నో గోడౌన్లు తిరిగాను, ఎండుమిర్చి వాసన లేని రోజు లేదు నాకు. ఆ రెండూ కలిసిన వాసన మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

చదువయ్యాక గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో చేరాను. రోజూ ఊళ్ళు తిరగడం, రైతులను నమోదు చేయడం నా పని. నేను చేరిన రెండో ఏడు పైనుంచి బ్లాక్‌చెయిన్ వచ్చింది. విదేశాల్లో కారం ప్యాకెట్ కొన్న మనిషి దాని వెనక ఉన్న గళ్ళ బొమ్మను ఫోనుతో చూస్తే, అది ఏ చేలో పండింది, ఏ రోజు కోశారు, ఏం మందు కొట్టారు, ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్నాళ్ళుంది, ఏ ఓడ ఎక్కింది, అంతా కనపడాలి. మమ్మల్ని మూడు రోజులు ఏసీ హాల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పారు. చెప్పినాయనకు మిరప మొక్క చూపిస్తే వంగ మొక్క అనుకునేలా ఉన్నాడు, కానీ విషయం మాత్రం శుభ్రంగా చెప్పాడు. ఇది ఒకరి దగ్గర ఉండే పుస్తకం కాదు. కంపెనీ దగ్గర, కోల్డ్ స్టోరేజీ దగ్గర, ల్యాబు దగ్గర, ఓడ వాళ్ళ దగ్గర, కొనేవాళ్ళ దగ్గర ఒకే పుస్తకం ఉంటుంది. ఒకరు ఒక ముక్క రాస్తే అందరి పుస్తకాల్లోనూ పడుతుంది. ప్రతి పేజీ దాని ముందు పేజీకి కుట్టేసి ఉంటుంది. ఒకరు తమ పుస్తకంలో కొట్టేసినా మిగతా పుస్తకాలు ఒప్పుకోవు. తప్పు రాస్తే దాని కింద సవరణ రాసుకోవచ్చు గానీ పైది చెరిపే వీలు లేదు.

ఇంటికొచ్చి నాన్నకు అదంతా ఎంతో ఉత్సాహంగా చెప్పాను. నాన్న మంచం మీద కూర్చుని పాదాలకు ఆముదం రాసుకుంటూ విన్నాడు.

"అంటే నోరు జారిన మాట లాంటిదన్నమాట. తర్వాత ఎన్ని సర్దుబాటు మాటలు చెప్పినా మొదటన్నది ఉండనే ఉంటది" అన్నాడు.

మూడు రోజుల పాఠం ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడని అప్పుడు నాకు కోపమొచ్చింది.

మా ఊళ్ళో మొదటి నమోదు నాన్నదే. కంపెనీ చెప్పిన మందులు తప్ప వేరేవి కొట్టకూడదు. కొట్టిన ప్రతిసారీ నేను ట్యాబులో తేదీతో సహా ఎక్కించాలి. బస్తా కుట్టాక మూతికి ఒక చీటీ తగిలించి, దాని మీది బొమ్మను స్కాన్ చేయాలి. అప్పటి నుంచి ఆ బస్తాకు ఒక పుట్టుక, ఒక ప్రయాణం ఉంటాయి. పెద్దమ్మను కూడా చేరమన్నాను. ఆ ఏడు నల్ల తామరపురుగు పూతనంతా నాకేస్తోంది. ఆవిడ పూతలో వేలు పెట్టి విదిలించి, అరచేతిలో పడ్డ పురుగులు నాకు చూపించింది.

"ఇవి నీ టాబు చూసి పారిపోతయ్యంటే చెప్పు, ఇప్పుడే సంతకం పెడతా."

"పోవు పెద్దమ్మా."

"మరింక నన్ను కొట్టుకోనియ్. నాకున్నది ఎకరన్నర. మీ నాయన ఒక ఏడు తట్టుకుంటాడు, నేను తట్టుకోలేను."

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. మూడుసార్లు గట్టి మందే కొట్టింది. అది ఎవరి దగ్గరా దాచలేదు.

ఆ మార్చిలో మా కల్లంలో బస్తాలు తొక్కే రోజు నేను ట్యాబు పట్టుకుని నాన్న పక్కనే ఉన్నాను. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఎర్రటి కుప్ప మీద మంచు తడి ఉంది. ఒక్కో బస్తా కుట్టగానే చీటీ తగిలించి స్కాన్ చేస్తున్నాను. చివరి బస్తా నడుము దాకా వచ్చి ఆగింది. నాన్న తొక్కడం ఆపి చెమట తుడుచుకున్నాడు. వెనక నుంచి పెద్దమ్మ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. బస్తాలో పోసింది. నాన్న తొక్కాడు. ఇంకో గంప తెచ్చింది. పోసింది. బస్తా మూతి దాకా రాగానే చేత్తో ఒకసారి పైన తట్టి, "ఊఁ, ఇంక కుట్టు" అంది. నాన్న కుట్టాడు. నేను చీటీ తగిలించి స్కాన్ చేశాను. పచ్చ టిక్కు వచ్చింది.

నేను ఈ పనిలో శిక్షణ పొందినదాన్ని. ఇతరుల పంట కలవకూడదని ఆ ఏడు ఇరవై ఊళ్ళల్లో నా నోటితోనే చెప్పాను. నా రెండు కళ్ళ ముందే రెండు గంపలు పడ్డాయి. అయినా నాకు అది పంట కలవడంలా కనపడలేదు. బస్తా నిండడంలా కనపడింది. ఈ మాట తర్వాత ఎంతమందికి చెప్పినా నమ్మలేదు. కావాలనే ఊరుకున్నానని అనుకున్నారు. కావాలని ఊరుకునేంత తెలివి నాకుంటే పెద్దమ్మను ఆపేదాన్ని కదా. ఆపగలిగేదాన్నా అంటే, అదీ చెప్పలేను. మా కల్లంలోకి గంప తెచ్చిన మనిషిని వద్దని పంపడం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు.

ఓడ ఎక్కించే ముందు చేసిన పరీక్షలో మందు అవశేషం బయటపడింది. పాత రోజుల్లో అయితే ఆ సరుకు ఎవరిదో తేలేసరికి మళ్ళీ పంట వచ్చేది. ఇప్పుడు బస్తా బస్తా నుంచీ తీసి దాచిన నమూనాలు ఒక్కొక్కటే పరీక్ష చేసి, బస్తా నంబరు పట్టుకుని, పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ పోతే చాలు. ఓడరేవు నుంచి గోడౌనుకు, గోడౌను నుంచి కోల్డ్ స్టోరేజీకి, అక్కడి నుంచి లారీకి, లారీ నుంచి మా కల్లానికి. కొన్ని నిమిషాల్లో మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. పై అధికారి ఫోన్ చేసి, "మీ నాన్నగారిదే కదా ఇది? కారణం రేపటిలోగా నమోదు చెయ్యండి. చైన్‌లో అది ఖాళీగా ఉండకూడదు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. బ్లాక్‌చెయిన్ పనిచేసిందన్న సంబరం ఉంది.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పాను. "నేనే కొట్టానని రాయి" అన్నాడు.

"అట్టా రాస్తే నిన్ను తీసేస్తారు నాన్నా. ఇంక నీ కాయ కొనరు. నువ్వు కొట్టలేదని ఇన్నాళ్ళూ రాసింది నేనే కాబట్టి నా ఉద్యోగమూ పోతుంది."

"మరి అక్క పేరు రాస్తావా?"

"రాయను."

"అయితే ఏం రాస్తావు?"

ట్యాబు తెరిచాను. ట్యాబులో కారణం అన్నచోట నొక్కితే ఒక జాబితా వస్తుంది. రైతు నిబంధన మీరడం. రవాణాలో పొరపాటు. నిల్వలో పొరపాటు. బయటి సరుకు కలవడం. అన్నిటికీ అడుగున, ఇతరం, వివరించండి అని ఒక ఖాళీ గడి. నేను నాలుగోది నొక్కాను. పేరు లేదు, ఊరు లేదు, ఎవరి జోలికీ వెళ్ళలేదు. అందరినీ కాపాడేశానని ఆ రోజు హాయిగా నిద్రపోయాను. ఆ హాయి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఖాళీ గడి ఉంది కదా. పక్క కల్లం పెద్దమ్మ బస్తా నింపింది, ఏటా నింపుతుంది, ఇది మా ఊరి పద్ధతి అని రాయడానికి నాకేమొచ్చింది? వివరిస్తే ప్రశ్నలొస్తాయి. ప్రశ్నలొస్తే సమాధానాలు చెప్పాలి. అంతే, నా బద్ధకమూ నా భయమూ కలిసి ఆ నాలుగో వరసను నొక్కాయి.

ఆ తప్పు నాన్నది కాదని తేలింది కాబట్టి ఆయన్ను హెచ్చరికతో వదిలేశారు. నా ఉద్యోగమూ నిలబడింది. నేను అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. పెద్దమ్మను కూడా కంపెనీ నమోదులో చేర్పిస్తే మరుసటి ఏడు ఆవిడ గంప పోసినా ఏ గొడవా ఉండదని నాకో ఆలోచన వచ్చింది. పురుగు కూడా ఈసారి తగ్గుతుందని అంటున్నారు. నాట్లకు ముందు మా ఊరి కమ్యూనిటీ హాల్లో రైతుల సమావేశం పెట్టించాను. పెద్దమ్మను నేనే వెళ్ళి పిలిచాను. "నువ్వు రమ్మంటే రానా పొడుగుదానా" అని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుంది.

గుంటూరు నుంచి వచ్చినాయన తెర మీద బొమ్మలు వేసి చూపిస్తున్నాడు. మాటల మధ్యలో, బ్లాక్‌చెయిన్ ఎంత గొప్పదో చెప్పడానికి, "మీ ఊరి ఉదాహరణే చూడండి" అన్నాడు. అది చూపిస్తాడని నాకు తెలియదు. తెర మీద నాన్న రైతు నంబరు, బస్తా నంబరు, తేదీ, పరీక్ష ఫలితం వచ్చాయి. దాని కింద పెద్ద అక్షరాలతో, కారణం, బయటి సరుకు కలవడం.

"ఒకే ఒక్క బస్తాలో ఎవరో బయటివాళ్ళ సరుకు కలిసింది. మన చైన్ దాన్ని ఇట్టే పట్టేసింది" అన్నాడాయన.

ఆ తేదీ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ కల్లం పక్కన ఎవరి కల్లం ఉందో అందరికీ తెలుసు. వెనక వరసలో ఎవరో దగ్గారు. పెద్దమ్మ తెర వంక చూసింది. ఆవిడ పంతులుగారి భార్య, నాకంటే తొందరగా చదువుతుంది. తర్వాత నా వంక చూసింది. నేను తల దించుకున్నాను. అదే నా రెండో తప్పు, మొదటిదాని కంటే పెద్దది. ఆవిడ లేచి, కుర్చీ చప్పుడు కాకుండా పక్కకు జరిపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. అంత పెద్ద గొంతు మనిషి ఒక్క మాట కూడా అనలేదు.

అప్పుడే వెనకాలే పరిగెత్తాల్సింది. సమావేశం మధ్యలో ఎలా వెళ్ళాలి అనుకున్నాను. తెల్లారి వెళ్తే చేలో ఉందన్నారు. చేలోకి వెళ్తే, "ఏమ్మా, బాగున్నావా" అంది. పొడుగుదానా అనలేదు. నేను ఏదో చెప్పబోతే, "పనుందమ్మా" అని సాలులోకి వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని. పెద్దమ్మ తిట్లు మా ఊళ్ళో పేరుమోసినవి, అవి తిన్నవాళ్ళెవరూ చెడిపోలేదు.

మరుసటి ఏడు మళ్ళీ మార్చి వచ్చింది. మా కల్లం, ఆవిడ కల్లం ఎప్పటిలాగే పక్కపక్కన. ఆవిడ పట్టా పరుచుకుని తన కాయలు తిరగేసుకుంటోంది. మా చివరి బస్తా ఎప్పటిలాగే నడుము దగ్గర ఆగింది. నాన్న తొక్కడం ఆపి నిలబడ్డాడు. అడగకూడదు కదా. నేనూ నిలబడ్డాను. ఆవిడ తల ఎత్తలేదు. పొద్దు పైకొచ్చింది. మంచు ఆరిపోయి కాయ గట్టిపడుతోంది, ఇక తొక్కితే చిట్లిపోతుంది. నాన్న ఆ సగం బస్తా మూతి మడిచి కుట్టేశాడు. దాన్ని నేను స్కాన్ చేశాను. పచ్చ టిక్కు వచ్చింది. నిబంధనల ప్రకారం మా కల్లంలో అంత శుభ్రమైన బస్తా అంతకు ముందెన్నడూ లేదు.

ఆ రోజు నాన్న అన్నం తినలేదు. "మీ నాయనమ్మ గ్లాసు పెట్టింది, నువ్వు మాట పెట్టావు. గ్లాసు తీసి పారేశాను గానీ ఇదెట్టా తీసేది?" అన్నాడు. ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. ఆ మాటకన్నా ఒక దెబ్బ కొట్టినా బాగుండేది.

ఆ ఎండాకాలమే పెద్దమ్మ చేను కౌలుకిచ్చేసి, దర్శిలో తన సొంత తమ్ముడి కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. మోకాళ్ళ నొప్పులన్నారు. మోకాళ్ళ నొప్పులు నిజమే. కౌలుకు తీసుకున్నతను మంచివాడే, పొద్దున్నే పలకరిస్తాడు. అతనికి మా పద్ధతి తెలియదు, మేమూ చెప్పలేదు. ఇప్పుడు ఏటా మాది ఒక సగం బస్తా, అతనిది ఒక సగం బస్తా లారీ ఎక్కుతాయి. ఒక్కోసారి కల్లంలో పని మధ్యలో వెనక నుంచి గంప దించిన చప్పుడు విన్నట్టనిపించి తిరిగి చూస్తాను. నాకు ఆవిడ కావాలి. ఆవిడ నన్ను పొడుగుదానా అని పిలవాలి. ముప్పై ఆరేళ్ళ దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, ఇది ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేదు.

పోయిన ఏడు కంపెనీ కొత్త వెసులుబాటు తెచ్చింది. పాత నమోదు కింద సవరణ రాసేటప్పుడు, సరుకు పండించిన ఇంకో మనిషి పేరు కూడా చేర్చవచ్చు. ఆ మనిషి ఒప్పుకుంటే చాలు. వాళ్ళ ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది, అది చెబితే పేరు పుస్తకంలో పడుతుంది. ఆ సంగతి చదవగానే నేను చేస్తున్న పని వదిలేసి సెలవు పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా దర్శి బస్సెక్కాను. దారి పొడవునా చేలల్లో ఎర్రగా కాయ విరగ్గాసి ఉంది. ఏమేం చెప్పాలో బస్సులో మూడుసార్లు వల్లె వేసుకున్నాను.

పెద్దమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. బాగా చిక్కింది. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. నేను పక్కన కూర్చుని రెండు కాయలు తుంచేలోపే ఏడుపొచ్చేసింది. వల్లె వేసుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"నీ మీదకు రాకూడదని పేరు రాయలేదు పెద్దమ్మా" అన్నాను.

"మందు కొట్టానుగా. కొట్టానని రాస్తే నాకేం సిగ్గు? నా పేరు పెట్టి రాసుంటే, అవునయ్యా నా కాయే, మా తమ్ముడి బస్తా తరుగైతే నేనే పోశానని ఆ తెరకాడే లేచి చెప్పేదాన్ని. ఇరవై రెండేళ్ళు పోశానే మీ బస్తాలో. నన్ను బయటిదంటానికి మీ నాయనమ్మ ఉండేది. ఆవిడైనా బస్తా కాడ ఆ మాట అనలేదు."

నేను ట్యాబు తీసి చూపించాను. ఆ పాత నమోదు తెరిచాను. దాని కింద ఖాళీ గడిలో, బస్సులో రాసి పెట్టుకున్న వాక్యం ఉంది. ఈ బస్తాను నింపింది మా పెద్దమ్మ, పక్క కల్లం ఆవిడ, అని. ఆవిడ పేరు, ఊరు, చేను.

"నీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది. అది చెప్తే చాలు, నీ పేరు పడుతుంది. ఇంక ఎవరూ తీయలేరు."

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ వాక్యం మొత్తం చదివింది. రెండోసారి చదివింది.

"పైన ఉన్న ఆ మాట పోద్దా?"

"పోదు పెద్దమ్మా. అది అట్టాగే ఉంటుంది. దాని కింద ఇది వస్తుంది."

నేను నంబరు పంపమని నొక్కాను. ఆవిడ ఫోను మోగింది. నంబరు వచ్చింది. తీసి చూసింది. పెదాలు కదిపి అంకెలు చదువుకుంది కూడా. ట్యాబులో సమయం తగ్గిపోతోంది. నేను గడిలో వేలు పెట్టి ఎదురుచూస్తున్నాను. ఆవిడ ఫోను బోర్లా పెట్టేసింది.

"ఆ రోజు రాసుంటే నా కోసం రాసినట్టు. ఇయ్యాల రాసేది నీ కోసమేగా."

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కాదనలేకపోయాను.

"అవును పెద్దమ్మా" అన్నాను.

సమయం అయిపోయింది. మళ్ళీ పంపమంటారా అని తెర అడిగింది. నేను ట్యాబు మూసి సంచిలో పెట్టాను. పెద్దమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచి లోపలికి వెళ్ళి కంచం తెచ్చింది. అన్నం, పప్పు, గోంగూర పచ్చడి. నేను తిన్నంతసేపూ ఆవిడ ఎదురుగా కూర్చుంది, ఊరి సంగతులేవీ అడగలేదు, నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. కంచంలో అన్నం అయిపోతే లేవాలి, చెయ్యి కడుక్కోవాలి, నాలుగింటి బస్సుకు వెళ్ళిపోవాలి. నాకు ఆకలి లేదు. ఇంకొంచెం పెట్టమని అడిగాను.